తెల్లసుద్ద గీత

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దున లేచేసరికి పెద్దమ్మ తన ఎర్ర గౌను తిరగేసి వేసుకుని అద్దం ముందు నిలబడి ఉంది. కుట్లన్నీ బయటికి, దారప్పోగులు వేలాడుతూ. నిద్రమత్తులో నాకు, మనిషి చర్మాన్ని తిరగేసి తొడుక్కున్నట్టు కనిపించింది. (ఈ పోలిక బాగుంది. ఎక్కడైనా వాడాలి.)

"ఏంటి పెద్దమ్మా అది?"

"ఇంకెంత మిగిలిందో చూస్తున్నా." నోట్లో గుండుసూదులు ఉన్నాయి, అందుకని పెదవుల చివర్నుంచి మాట్లాడింది.

ఆ గౌను నాకంటే పదకొండేళ్ళు పెద్దది. తన ముప్పయ్యో ఏట కుట్టుకుంది, ఇప్పుడు తనకి అరవై ఒకటి. ఒళ్ళు వచ్చినప్పుడల్లా పక్క కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డలోంచి కొంచెం బయటికి తీసి, మళ్ళీ కుట్టుకుంటుంది. తిరగేసి చూస్తే పాత సూది రంధ్రాలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. నాలుగు వరసలు. మూడో వరస మీద వేలు పెట్టి, "ఇది నువ్వు పుట్టినప్పటిది. మీ అమ్మకి పెట్టిన తిండంతా నాకు పట్టింది" అంది.

బయటి ఎరుపు వెలిసిపోయింది. లోపలి అంచు మాత్రం ఇప్పుడే కొన్నట్టు ఉంది. వెలవడం అనే మాట గురించి ఇవాళ చాలాసేపు ఆలోచించాను. రంగూ వెలుస్తుంది, వానా వెలుస్తుంది. ఒకటి పోతే దిగులు, ఒకటి పోతే హాయి.

భాష చెప్పే మేడమ్ రోజూ రాయమన్నారు, ఎవరికీ చూపించనక్కర్లేదన్నారు. అందుకని రాస్తున్నాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

కాలేజీ నుంచి వచ్చి కొట్లో రెండు పంట్లాలు పొట్టి చేశాను, ఒక జిప్పు మార్చాను. మా ముందుగదే కొట్టు. ఇతరుల బట్టలు సరిచేసిపెట్టే కొట్టు. కొత్తవి కుట్టదు పెద్దమ్మ, "కొత్తవి ఎవరైనా కుడతారు" అంటుంది.

ఇవాళ పొరపాటున చొక్కా మీద తెల్లసుద్దతో గీసి చీవాట్లు తిన్నాను. నీలం సుద్ద గీస్తే కత్తిరించాలి. తెల్లసుద్ద గీస్తే కుట్లు విప్పి, లోపలి గుడ్డ వదిలి వదులు చేయాలి. పదేళ్ళప్పటి నుంచి నేర్చుకున్నది, ఎలా మరిచిపోయానో. మరిచిపోలేదు. మనసులో వేరే మాట ఏదో తిరుగుతోంది.

ఫిబ్రవరి 12, గురువారం

అమ్మకి సన్మానం! నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర ఇరవై అయిదేళ్ళు పూర్తయ్యాయి. ఇరవై ఎనిమిదో తారీకు శనివారం, సాయంత్రం నాలుగింటికి. కుటుంబంతో రమ్మన్నారు. కుటుంబం అంటే మేం ముగ్గురమే.

అన్నం తిన్నాక అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. బట్టలు ఆరేస్తున్నట్టు నటించింది. ఆరేయడానికి బట్టలేం లేవు.

"మీ పెద్దమ్మ ఆ ఎర్రది వేసుకొస్తుంది."

"వేసుకోనీ."

"అరవై దాటాయే దానికి. జబ్బలు కనపడేలా, మెడ ఇంత లోతున. అందరూ దాన్నే చూస్తారు. ఇరవై అయిదేళ్ళు నా మొహం చూసి జనం తిట్టారు తప్ప ఒక్కసారి చూసి చప్పట్లు కొట్టలేదు. ఒక్క సాయంత్రం నన్ను చూస్తే ఏం పోతుంది?"

నేను ఖాళీ తీగ మీద క్లిప్పులు పక్కకి జరిపాను.

"నువ్వు చెప్పు. నీకు మాటలు బాగా వచ్చుగా."

ఇది నన్ను పొగిడి పనికి పెట్టడమని తెలుసు. అయినా సంతోషం వేసింది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. ఒద్దిక. నిండుదనం. పెద్దరికం. హుందా. ఇందులో హుందా చాలా అందమైన మాట. పలుకుతుంటే నోరే నెమ్మదిగా తెరుచుకుని నెమ్మదిగా మూసుకుంటుంది.

సాయంత్రం పెద్దమ్మ కాజాలు కుడుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ సన్మానానికి కాస్త హుందాగా ఉండేది ఏదైనా వేసుకుంటే నీకు ఇంకా బాగుంటుంది పెద్దమ్మా అని. ఇంకా అన్న మాట కావాలనే వేశాను, నొచ్చుకోకుండా.

పెద్దమ్మ సూది ఆపలేదు. "హుందాగా అంటే ఏంటే నిఘంటువూ?"

(పోయిన ఏడాది నేను ఆ పుస్తకం కొన్నప్పటి నుంచి ఆవిడ నన్ను అలాగే పిలుస్తుంది.)

"అంటే... గౌరవంగా, పెద్దమనిషి తరహాగా."

"ఓహో. ఊరికి పెద్ద గేదె నడిచినట్టు."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"మీ అమ్మ పంపిందా?"

"లేదు, నాకే అనిపించింది."

దారం కొరికింది. "గుడ్డకి వయసు తెలీదే. కొలత తెలుస్తుంది, అంతే. అరవై వచ్చింది కదా అని ఏ గుడ్డా నా మీంచి దిగిపోలేదు." కొత్త దారం ఎక్కిస్తూ, "నేను ఎర్రదే వేసుకుంటా" అంది.

అమ్మకి ఏం చెప్పాలో తెలీక చదువుకుంటున్నట్టు కూర్చున్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

పెద్దమ్మ నాతో మామూలుగానే ఉంది. మామూలుగానే.

ఫిబ్రవరి 17, మంగళవారం

పెద్దమ్మ ఈమధ్య చెప్పులు వదిలితే పాదాల మీద పట్టీల అచ్చులు చాలాసేపు ఉంటున్నాయి. అడిగితే ఉప్పు ఎక్కువ తిన్నానంది. రోజంతా నిలబడే పని కదా, కాళ్ళు అలాగే ఉంటాయి. నాకూ ఉంటాయి అప్పుడప్పుడు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఒక ఆలోచన వచ్చింది. చాలా బాగుంది.

ఎరుపూ ఉండాలి, ఒద్దికా ఉండాలి. అంటే గౌను అదే ఉండాలి, చేతులు మోచేతుల దాకా రావాలి, మెడ కాస్త మూసుకోవాలి. అప్పుడు అమ్మకి ఫిర్యాదు ఉండదు, పెద్దమ్మకి మాట పోదు. పిండి కొద్దీ రొట్టె అంటారు కదా, ఆ పిండి గౌను లోపలే ఉంది. ఆ లోపలి గుడ్డ, ఎండ చూడని ఎరుపు.

పెద్దమ్మ దారాలు కొనడానికి బజారుకి వెళ్ళింది. రెండు గంటలు పడుతుంది. గౌను తీసి, పక్క కుట్లు విప్పి, లోపలి గుడ్డని నాలుగు పొడుగు పట్టీలుగా కత్తిరించి, పాత కొలతకే మళ్ళీ కుట్టేశాను. పట్టీలతో రెండు చేతులకీ అంచులు, మెడకి ఒక మూత. లోపల తెల్లగా ఏదో గీత ఉంది, ఎప్పటిదో పాతది అయ్యుంటుంది. అరచేత్తో తుడిచేశాను.

ఇంత శుభ్రంగా నేనెప్పుడూ కుట్టలేదు. పెద్దమ్మ తలుపు తీసేలోపు బీరువాలో పెట్టేశాను.

ఫిబ్రవరి 21, శనివారం

అమ్మకి మాత్రం చెప్పాను. నా బుగ్గ గిల్లింది. "నువ్వు పుట్టాక ఈ ఇంట్లో మొదటిసారి ఒక గొడవ గొడవ లేకుండా తీరింది" అంది. పెద్దమ్మకి సన్మానం రోజు పొద్దున చూపిద్దాం అనుకున్నాం. ఆశ్చర్యపోవాలి.

ఫిబ్రవరి 24, మంగళవారం

పరీక్ష. బాగా రాశాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం నేను వచ్చేసరికి పెద్దమ్మ బల్ల మీద గౌను పరుచుకుని ఉంది. పక్కనే కుట్లు విప్పే కొక్కెం, దారం. రేపటికి వదులు చేసుకుందామని తీసిందట. గౌనుని తిరగేసి పక్కలు తడుముతోంది. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. చీకట్లో తాళంచెవి వెతికే మనిషిలా. అక్కడ పావు వేలు గుడ్డ కూడా లేదు.

తర్వాత చేతుల అంచులు చూసింది. ఆ ఎరుపు మిగతా ఎరుపు కంటే గట్టిగా అరుస్తోంది. నేను ఆరోజు గమనించనే లేదు.

"ఈ కుట్టు నువ్వేశావా?"

"ఆ."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూసింది. "పోగు లాగలేదు. ముడత లేదు. బాగా వేశావే."

తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, అయిపోయేది.

వేసుకుని చూసింది. నేను వీపు వెనక జిప్పు లాగాను. నడుం దగ్గర ఆగింది. తెల్లటి వీపు, దాని మీద లోపలి బట్టల అచ్చులు లోతుగా. ఇంత వాపు ఎప్పుడు వచ్చింది?

"ఊపిరి బిగబట్టు పెద్దమ్మా."

"బిగబట్టే ఉన్నా."

పట్టీలు విప్పి మళ్ళీ పక్కలకి కలిపేస్తానన్నాను, రెండు గంటల పని, ఇప్పుడే చేస్తానన్నాను. "కోసింది కలిపితే అతుకు కనపడుతుంది. అతుకుల గౌనుతో వస్తే మీ అమ్మ సన్మానం ఇంకా బాగుంటుంది" అంది. గౌను విప్పేసి, మడత పెట్టలేదు, కుర్చీ మీద వదిలేసింది. ఏ గుడ్డనీ అలా వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరి 28, శనివారం

పెద్దమ్మ అమ్మ కోటు వేసుకుంది. బూడిదరంగు, పొడుగు, ఎవరికైనా పట్టే వదులు. ఆఫీసువాళ్ళు ఒక చలికాలం అందరికీ ఇచ్చినది. అమ్మ చూసి, "బాగుందే అక్కా" అంది. పెద్దమ్మ "ఊఁ" అంది. ముగ్గురం బస్సెక్కాం.

హాల్లో వరసగా ఇనప కుర్చీలు. వేదిక మీద అమ్మ పేరు రాసిన గుడ్డ, ఒక అక్షరం తప్పు. అమ్మకి చప్పట్లు కొట్టారు. చాలా కొట్టారు. ఒక ముసలాయన లేచి, పదేళ్ళ కిందట ఈవిడే మా వీధికి నీళ్ళు తెప్పించిందని చెప్పాడు. అమ్మ మొహం ఎర్రబడింది. అంతా అమ్మ కోరుకున్నట్టే జరిగింది, ఎవ్వరూ వేరే వైపు చూడలేదు.

తర్వాత టీ ఇచ్చే చోట పెద్ద ఆఫీసరు భార్య వచ్చింది. అమ్మ చేతులు పట్టుకుని అభినందించి, పెద్దమ్మ వైపు తిరిగింది.

"మీ అమ్మగారా? ఎంత మంచి పని చేశారండీ తీసుకొచ్చి! ఈ వయసులో గడప దాటడమే గొప్ప."

అమ్మకీ పెద్దమ్మకీ తొమ్మిదేళ్ళ తేడా. తొమ్మిదే.

అమ్మ నోరు తెరిచింది. నేను అమ్మ నోటి వైపే చూస్తున్నాను. నోరు అలాగే ఉంది.

"అవునండీ," అంది పెద్దమ్మ. "మా అమ్మాయి నన్ను బాగా చూసుకుంటుంది."

"కూర్చోండి కూర్చోండి, నిలబడకండి. ఎవరయ్యా, పెద్దావిడకి కుర్చీ!"

కుర్చీ వచ్చింది. నలభై ఏళ్ళుగా నిలబడి పనిచేసిన మనిషి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, కూర్చుంది. చూడ్డానికి చాలా హుందాగా ఉంది. ఆ మాట నాకు వద్దన్నా గుర్తొచ్చింది.

వచ్చేటప్పుడు బస్సులో ఒకమ్మాయి లేచి చోటిచ్చింది. పెద్దమ్మ దానికీ కాదనలేదు.

మార్చి 1, ఆదివారం

అమ్మకి ఇచ్చిన గోడ గడియారం అట్టపెట్టెలోనే ఉంది.

మార్చి 4, బుధవారం

పెద్దమ్మ రోజూ ఆ బూడిద కోటే వేసుకుంటోంది. కొట్లోకి ఒక కుర్చీ తెచ్చుకుంది. కత్తిరించే బల్ల ఎత్తు, కూర్చుంటే అందదు. అందుకని కత్తిరింపులన్నీ నాకే ఇస్తోంది.

ఎదురు కాఫీ కొట్టావిడ లంగా సరిచేయించుకోడానికి వచ్చింది. "అబ్బ, ఇప్పుడు చూడండి, మనిషిలో ఎంత పెద్దరికం వచ్చిందో! నేను ఎన్నిసార్లు అనుకున్నానో చెబుదామని. నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నా."

"పెద్దరికం రాలేదమ్మా," అంది పెద్దమ్మ, "గుడ్డ అయిపోయింది."

ఆవిడకి అర్థం కాలేదు. నవ్వి వెళ్ళిపోయింది.

మార్చి 5, గురువారం

ఇవాళ కొత్త మాటేమీ రాయబుద్ధి కాలేదు. వయసు మీద పడింది అంటారు. దానంతటదే పడుతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. తెచ్చి మీద వేసేవాళ్ళు కూడా ఉంటారు.

మార్చి 6, శుక్రవారం

అమ్మ పెద్దమ్మ కాళ్ళకి నూనె రాయబోయి, వేలితో నొక్కి చూసింది. గుంట పడింది. వేలు తీసినా గుంట నిండలేదు. అమ్మ నా వైపు చూసింది, నేను గుంట వైపు చూశాను.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"ఉప్పు..." అని మొదలుపెట్టింది పెద్దమ్మ.

"నీ మొహం ఉప్పు!" అమ్మ అరిచింది. అరిచి, అదే పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. సోమవారం పొద్దునకి ఆస్పత్రిలో పేరు రాయించింది. గుండె డాక్టరుకి చూపించాలట ముందు.

తర్వాత వంటగదిలో అమ్మ గోడకి చెప్తున్నట్టు చెప్పింది. "ఆవిడ మీ అమ్మగారా అంటే నాకు నోరు రాలేదే. కిటికీ వెనక కూర్చుని ఇరవై అయిదేళ్ళు అడిగినవాళ్ళందరికీ జవాబు చెప్పాను. ఆ ఒక్కదానికి రాలేదు. ఎందుకో తెలుసా? ఒక్క క్షణం నేను చిన్నదాన్లా కనిపించాను కదా అనుకున్నా."

అమ్మని ఏమీ అనే హక్కు నాకు లేదు. ఎందుకో రాయాలి. నెల రోజులుగా ఈ పుస్తకంలో రాయకుండా దాటేస్తున్నది ఇదే.

వానాకాలంలో ఒకరోజు నేను గొడుగు మరిచిపోతే పెద్దమ్మ ఎర్ర గౌనులో కాలేజీకి తెచ్చిచ్చింది. క్లాసులో వెనక బల్లవాళ్ళు, "ఎవరావిడ? ఇవాళ పెళ్ళా?" అన్నారు. నేను ఆవిడ మా ఇంటి దగ్గర కుట్టుపని చేసే ఆవిడ అని చెప్పాను. అబద్ధం కాదు కదా అనుకున్నాను. అప్పటి నుంచి ఆ గౌను చూస్తే చాలు, నా ఒళ్ళు ముడుచుకుంటుంది. అమ్మ పంపకపోయినా ఏదో ఒకరోజు ఆ మాట నేనే చెప్పేదాన్ని.

ఇంకొకటి. ఆ తెల్ల గీత పాతది కాదు. సుద్ద తాజాగా ఉంది, నా అరచేతికి అంటుకుంది. తెల్లసుద్ద అంటే ఏంటో నాకు తెలుసు. తెలిసే తుడిచాను.

మార్చి 7, శనివారం

చెప్పేశాను. కొట్టు మూసే వేళకి, ఎండ ఇంకా ఉండగానే, ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని చెప్పేశాను. గీత సంగతీ, గొడుగు సంగతీ.

గొడుగు సంగతికి పెద్దమ్మ కళ్ళు ఒక్కసారి మూసి తెరిచింది. గీత సంగతికి మాత్రం, "తెలుసు" అంది.

"ఎలా తెలుసు?"

"సుద్ద తుడిస్తే పోదే, పులుముకుంటుంది. గౌను లోపల నీ అరచెయ్యంత మరక ఉంది. నలభై ఏళ్ళ నుంచి సుద్దతో బతుకుతున్నా, ఆమాత్రం తెలీదా?"

"మరి నన్ను అడగలేదేం పెద్దమ్మా?"

"అడిగితే ఏం చెప్పేదానివి?" చాలా మామూలుగా అడిగింది. "మంచి మంచి మాటలు చెప్పేదానివి."

నాకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు. ఇంతకంటే నిజమూ ఎవరూ చెప్పలేదు.

కొత్తది కుడతానన్నాను. అదే ఎరుపు ఎక్కడున్నా వెతికి తెస్తానన్నాను. వద్దంది. కోపంతో కాదు. "ఇప్పుడు కొలత తీస్తే వచ్చే నెలకి పనికొస్తుందో లేదో. ముందు డాక్టరు ఏమంటాడో చూద్దాం" అంది. కొలత తీయొద్దని పెద్దమ్మ అనడం వినాల్సి వచ్చింది.

మార్చి 8, ఆదివారం

రోజంతా ఆస్పత్రికి కావాల్సిన కాగితాలు సర్దాం. అమ్మ ఒక సంచిలో దుప్పటి, తువ్వాలు, గ్లాసు పెట్టింది. చూపించుకోవడానికే కదా వెళ్తున్నాం, దుప్పటి ఎందుకు అని నేను అడగలేదు. అమ్మా చెప్పలేదు.

సాయంత్రం పెద్దమ్మ బీరువా ముందు చాలాసేపు నిలబడింది. ఒక తలుపే తెరిచి ఉంది. నీలం చుక్కలది, పసుపుది, ఆకుపచ్చ పట్టీలది, అన్నీ వేలాడుతున్నాయి. అన్నిటికీ లోపల గుడ్డ ఉంది. వాటి మీద చెయ్యి వేయలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఏమే, రేపు ఏం వేసుకోను?"

వెటకారం అనుకుని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతోంది. తన బట్టల గురించి ఇంకొకరిని అడగడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఎవరికి ఏది నప్పుతుందో ఊరందరికీ చెప్పిన మనిషి, అద్దం వైపు కూడా చూడకుండా, నేను ఏదంటే అది వేసుకోడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

పసుపుది అందామనుకున్నాను. అంటే వేసుకుంటుంది. అది కూడా నేను తెచ్చి మీద వేసినట్టే అవుతుంది. బూడిద కోటు అంటే అదీ వేసుకుంటుంది. ఏది చెప్పినా ఒకటే. ఆవిడ కాసేపు చూసి, "సర్లే, రేపు చూద్దాం" అని వెళ్ళి పడుకుంది.

బస్సు ఏడూ ఇరవైకి. అయిదున్నరకి లేవాలి. అమ్మనీ లేపాలి, ఇద్దరం వంటగదిలోనే ఉండాలి. మంచం మీద ఏ బట్టా తీసి పెట్టకూడదు. బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచి, కిటికీ తెర తీసి, గదిలోంచి వచ్చేయాలి. నీళ్ళు కాచి ఉంచాలి. ఎంతసేపు పట్టినా తలుపు తట్టకూడదు. బస్సు పోతే తర్వాతది ఎనిమిదికి ఉంది. ఏది వేసుకుని బయటికి వచ్చినా చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాలి, పట్టీలు వదులు చేసి. ఒక్క మాట కూడా అనకూడదు, బాగుందని కూడా.